పారిపోయేవాడి వెంట ఎంత దూరం?

1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్సార్ నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడి ఒక పోలీసు అధికారి కారు ఆగింది. అక్కడ మాటు వేసిన నక్సలైట్ల పీపుల్స్‌వార్ దళం కాల్పులకు దిగింది. గన్‌మన్, డ్రైవర్ బలయ్యారు. కారులో ఉన్న ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర దిగి, కాల్చి పారిపోతున్నవాళ్ల వెంటపడ్డారు. ఆయన చేతిలో ఆయుధం లేదు. ఆ సంగతి గమనించిన హంతకులు వెనక్కి తిరిగి ఆయన్ను కాల్చి చంపారు. అంతకుముందు ఆయన కడప, కరీంనగర్ జిల్లాల్లో ఎస్పీగా పనిచేశారు. ఇప్పుడు అదే చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది.

కళ్లముందే తన మనుషులిద్దరూ కూలిపోతే ఏ పోలీసు కాళ్లయినా ముందుకే ఉరుకుతాయి. ఆ తెగువను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఆయన పనిచేసి వచ్చిన కరీంనగర్‌లోనూ, గోదావరి అవతలి ఆదిలాబాద్‌లోనూ పోలీసులు అప్పటికే ఒక కఠినమైన పాఠం నేర్చుకుని ఉన్నారు. పారిపోయేవాణ్ని చూడగానే బండెక్కి తరమకూడదన్నదే ఆ పాఠం. ఎక్కడ ఆగాలో తెలియని వెంటాట తరిమేవాడికీ, తప్పుకునేవాడికీ, దారిన పోయేవాడికీ కూడా ప్రాణాంతకమని ఆ రెండు జిల్లాల చరిత్ర నూట అరవై ఏళ్లుగా చెబుతోంది.

ముందు ఆ నేల సంగతి. ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, నడుమ గోదావరి. నిజాం కాలంలో పెన్‌గంగ దాటితే బేరార్, ప్రాణహిత దాటితే చాందా జిల్లా సిరోంచ. అవతలి గట్టు మీద నడిచేది ఇంగ్లీషువాళ్ల పాలన. ఇవతల నేరం చేసినా, దొరను ఎదిరించినా, అప్పు ఎగ్గొట్టినా ఏరు దాటితే చాలు, మరో రాజ్యం. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్లలో నడిచి దాటే సరిహద్దు అది. నిజాం పోలీసు గుర్రం గట్టు దగ్గర ఆగిపోవాల్సిందే.

1857 తర్వాత రాంజీ గోండును పట్టుకోవడానికి పంపింది పోలీసులను కాదు, సైన్యాన్ని. గోండులు, రోహిల్లాలు కలిసి చేసిన ఆ తిరుగుబాటును అణచడానికి నిర్మల్ చుట్టుపక్కల అడవులు గాలించారు. 1860 ఏప్రిల్‌లో రాంజీని, ఆయన అనుచరులను నిర్మల్ దగ్గర మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యిమందిని వేలాడదీశారని జనం ఆ చెట్టును వెయ్యి ఉరుల మర్రి అన్నారు. ఇంతమందిలో ఎవరు పోరాడినవాళ్లో, ఎవరు భయపడి పరుగెత్తినవాళ్లో విడదీసి చూసిన విచారణ అక్కడ జరగలేదు. ఉత్తర తెలంగాణ జ్ఞాపకంలో వెంటాట అనగానే మొదట మెదిలేది ఆ చెట్టే.

ఆ తర్వాత జిల్లాలు ఏర్పడ్డాయి, ఠాణాలు వచ్చాయి. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లా అయింది. ఠాణాలో అమీన్ సాబ్, ఆయన కింద జమేదారు, జవాన్లు. ఊళ్లో పోలీస్ పటేల్. నేరం జరిగితే ఠాణాకు కబురు పంపడం, అనుమానం ఉన్నవాణ్ని కనిపెట్టి ఉండటం పటేల్ పని. వేగంలో అమీన్ గుర్రం గొప్పదే, కానీ ఎవడు ఏ చుట్టం ఇంట్లో దాక్కున్నాడో తెలిసేది పటేల్‌కే. అందుకే గుర్రం కంటే పటేల్ చెవి ఎక్కువ పనిచేసేది. అదే పటేల్ కక్ష కడితే అమాయకుడు కూడా పారిపోవాల్సి వచ్చేది.

1929లో కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలుమార్గం పూర్తయింది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. రైలు, మోటారు సర్కారుకు ఎంత అక్కరకొచ్చాయో తప్పించుకునేవాళ్లకూ అంతే అక్కరకొచ్చాయి. గోండు నాయకుడు కుమ్రం భీం కథలో ఇది కనిపిస్తుంది. పంట మీద దౌర్జన్యానికి వచ్చిన సిద్దిక్ భీం దెబ్బకు చనిపోయాక, ఆయన బల్హార్షా వైపు తప్పించుకుని, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి, కొన్నేళ్ల తర్వాత తిరిగొచ్చాడని చెబుతారు. ఆ కొన్నేళ్లూ నిజాం పోలీసుకు ఆయన జాడ దొరకలేదు. 1940లో జోడేఘాట్ కొండల్లో ఆయన నేలకొరిగింది కూడా ఏ గుర్రమో మోటారో తరిమితే కాదు. కుర్దు పటేల్ ఉప్పందించడంతో రాత్రిపూట పోలీసులు నడిచి కొండెక్కారని ఆసిఫాబాద్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1947, 48 సంవత్సరాల్లో ఏరు దాటినవాళ్లలో చదువుకున్న యువకులు ఎక్కువ. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలు అవతలి గట్టు మీద వెలిశాయి. చాందా శిబిరంలో పనిచేసినవాళ్లలో కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ఒకరు. నిజాం పోలీసు దృష్టిలో చట్టం నుంచి తప్పించుకున్న ఆ మనిషి 1991లో దేశ ప్రధానమంత్రి అయ్యారు. ఏరు దాటనివాళ్ల కథ వేరుగా ముగిసింది. పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు దళం ఊరూరా దొరల, పట్వారీల దస్తావేజులు తగలబెడుతూ తిరిగింది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్‌లో నిజాం పోలీసులు చుట్టుముట్టారు. అనభేరి, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు అక్కడే ప్రాణాలిచ్చారు. ఎవరు పారిపోతున్నారు, దేనినుంచి పారిపోతున్నారు అన్న ప్రశ్న ఈ జిల్లాల్లో ఎప్పుడూ రాజకీయంతో ముడిపడే ఉంది. వెంటాట మీద ఇక్కడివాళ్లకు ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు.

పోలీస్ చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ప్రాణహిత రెండు రాజ్యాల హద్దుగా మిగల్లేదు, రెండు రాష్ట్రాల హద్దు అయింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన మనిషిని పోలీసు దేశంలో ఎక్కడికైనా వెంటాడి పట్టుకోవచ్చు. 1973 కోడ్‌లో అది 48వ సెక్షన్; 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 45వది. చట్టం ఇచ్చిన ఆ అధికారానికి తగ్గ బండి మాత్రం ఆలస్యంగానే వచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు జీపు, ఎస్సైకి బుల్లెట్టు, కానిస్టేబుల్‌కు సైకిలు. చాలా ఠాణాల్లో లెక్క అదే. జీపు ఊళ్లోకి వస్తే దాని మోత ముందే వినిపించేది. వినాల్సినవాడు వినేవాడు, వెనక దొడ్డి నుంచి చెలకల్లోకి జారుకునేవాడు.

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వేలమంది రైతుకూలీలు పట్టణంలోకి నడిచారు. ఆ ఏడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1948 నాటి ఆ చట్టం కింద ఎస్సై హోదా ఉన్న పోలీసు కూడా, శాంతిభద్రతల కోసం అవసరమని తనకు తోస్తే, హెచ్చరించి ప్రాణం పోయేలా కాల్చవచ్చు. మామూలు చట్టం ఈ విషయంలో చాలా బిగువు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం మోపబడని మనిషిని అరెస్టు పేరుతో చంపే హక్కు పోలీసుకు లేదని పాత కోడ్ 46వ సెక్షన్ చెప్పింది, కొత్త సంహిత 43వ సెక్షన్ మళ్లీ చెప్పింది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఆ బిగువు సడలింది. యువకులు ఇళ్లు వదిలారు. ఎందరో అడవి పట్టారు.

1980లో పీపుల్స్‌వార్ పుట్టింది. ఆ నవంబరులోనే బెల్లంపల్లి గని ప్రాంతం నుంచి ప్రాణహిత దాటి సిరోంచ అడవుల్లోకి వెళ్లిన పెద్ది శంకర్ అక్కడ మహారాష్ట్ర పోలీసుల తూటాలకు చనిపోయాడు. ఏరు దాటితే బతికిపోవచ్చన్న పాత లెక్క ఆనాటితో చెల్లిపోయింది.

ఆ దశాబ్దంలోనే జీపు గతి కూడా మారింది. కంకర రోడ్డు, దాని కింద వాననీరు పోయే కల్వర్టు. తూములో మందుపాతర, దాని నుంచి పొదల దాకా మట్టిలో కప్పిన తీగ, తీగ చివర బ్యాటరీ, దాని పక్కన ఒక మనిషి. ఊళ్లో హత్యో, దోపిడీయో జరిగిందని ఠాణాకు కబురొస్తుంది. పంచనామాకు జీపు బయల్దేరుతుంది. పోయేటప్పుడు ఏమీ కాదు. వచ్చేటప్పుడు, అదే దారి, అదే కల్వర్టు. వెంటాడటానికి పోయిన బండే ఎరను మింగిన చేప అయ్యేది. నలుగురు కూర్చున్న జీపు కంటే నలుగురు విడివిడిగా నడిచేది భద్రమని పోలీసులు తెలుసుకున్నది పుస్తకాల్లోంచి కాదు, తోటివాళ్ల శవాలను పోగుచేసుకుంటూ.

1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ ఏర్పడింది. ఆ దళం నేర్చుకున్న మొదటి సంగతి నడక. చిన్న చిన్న జట్లుగా, వీపు మీద తిండి మోసుకుంటూ, రోజుల తరబడి అడవిలో ఉండటం, వెళ్లిన దారిన రాకపోవడం, బండి జోలికి పోకపోవడం. జిల్లా పోలీసులూ ఆ బాటే పట్టారు. వాహనాల్లో తిరగొద్దన్న ఆదేశాలు మారుమూల ఠాణాలకు అందాయి. ఎస్సై మఫ్టీలో మోటారుసైకిల్ మీద, కానిస్టేబుళ్లు ఆర్టీసీ బస్సులో, ఆటోలో. మానేరు పక్కనో కడెం వాగు పక్కనో ఉన్న ఊళ్లలో ఆ రోజులు చూసినవాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. ఆదేశం మరచిన చోట ఏమైందో చూపించడానికి రెండు చాలు: 1993 నవంబరు 14న మహబూబ్‌నగర్ జిల్లా సోమశిల దగ్గర మందుపాతరకు ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన సిబ్బంది బలయ్యారు. పదిహేనేళ్ల తర్వాత, 2008 జూన్ 29న, ఒడిశా బలిమెల జలాశయంలో లాంచీ ఎక్కిన గ్రేహౌండ్స్ దళం మీద కొండ మీద నుంచి దాడి జరిగింది. 38 మంది చనిపోయారు. నడిచే దళం వాహనం ఎక్కినందుకు చెల్లించిన మూల్యం అది.

ఈ మార్పులో ఒక అన్యాయం ఉంది. పోలీసు బండి దిగితే తనకున్న ప్రమాదంలో కొంత భాగం పక్కవాడి మీదికి మళ్లింది. బస్సులో పోలీసు ఎక్కితే మిగతా ప్రయాణికులు బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్లు. మఫ్టీలో బండి మీద వచ్చింది పోలీసో, దళం మనిషో, ఊరికి తెలిసేది కాదు. ఆగమన్నప్పుడు ఆగాలా, పరుగెత్తాలా? ఆగితే ఒకరికి అనుమానం, పరుగెత్తితే మరొకరికి. భయంతో పరుగెత్తినవాణ్ని నేరస్తుడిగా లెక్కగట్టిన కాలంలో పల్లెవాళ్లు పడిన ఆ నరకం గురించి పోలీసు రికార్డుల్లో ఒక్క వాక్యం కూడా దొరకదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎదురుకాల్పుల ప్రకటనల్లో ‘పారిపోతుండగా’ అన్న మాట అరిగిపోయేంతగా వాడారు. 1999 డిసెంబరు 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవిలో పీపుల్స్‌వార్ కేంద్ర నాయకులు నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి పట్టు విడవకుండా పోరాడిన ఫలితంగా జాతీయ మానవహక్కుల సంఘం 1997లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది: ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు పెట్టాలి, ఆత్మరక్షణ అన్నది పోలీసు కోర్టులో రుజువు చేసుకోవాలి. 2014లో సుప్రీంకోర్టు 16 సూత్రాలు నిర్దేశించింది. అయినా 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచార, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు లాక్కుని పారిపోబోయారన్న వాదనను సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది.

కారులో వెంటాడటానికీ దీనికీ ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. రెండింటి మూలం ఒక్కటే. వాడు పారిపోతున్నాడు కాబట్టి వాడి మీద ఏం చేసినా చెల్లుతుందన్న ఆవేశం. తుపాకీ విషయంలో ఆ ఆవేశానికి కోర్టులు ముక్కుతాడు వేశాయి. రెండు టన్నుల ఇనుప బండి గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతే అదీ తూటాయే. దానికీ అలాంటి అదుపు కావాలి.

వెంటాడటమే వద్దని చెప్పలేం. చొప్పదండి కథ ఆ మాట అననివ్వదు. 2014 ఫిబ్రవరి 1న కరీంనగర్ జిల్లా చొప్పదండి స్టేట్ బ్యాంకులో సాయుధులు చొరబడి 46 లక్షల రూపాయలు దోచుకుపోయారు. అది మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి 2013 అక్టోబరులో తప్పించుకున్న నిషేధిత సంస్థ సిమీ ముఠా పని అని తర్వాత తేలింది. ఆ వెళ్లినవాళ్లు ఏడాదికి పైగా దొరకలేదు. 2015 ఏప్రిల్ మొదటి రోజు అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో పోలీసులు మామూలు తనిఖీకి బస్సెక్కారు. వాళ్లు వెతుకుతున్నది ఏదో దొంగల ముఠా కోసం. బస్సులో ఉన్న ఇద్దరు తుపాకులు తీశారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. ఏప్రిల్ 4న నల్గొండ జిల్లా జానకీపురం దగ్గర ఆ ఇద్దర్నీ పోలీసులు వెంటాడి పట్టుకోబోయారు. కాల్పుల్లో దుండగులిద్దరూ చనిపోయారు. కానిస్టేబుల్ నాగరాజు ప్రాణాలు కోల్పోయాడు. ఒంట్లో తూటాలతో ఆస్పత్రిలో చేరిన ఎస్సై సిద్ధయ్య మూడు రోజులకు కన్నుమూశారు. చేతిలో తుపాకీ, వెనక రెండు హత్యలు, ముందు ఊళ్లు. అలాంటివాళ్లను వదిలేస్తే ఇంకెందరు పోయేవాళ్లో! ఆ వెంటాట అవసరం. సిద్ధయ్య త్యాగాన్ని తక్కువ చేసే మాట ఏదీ నిలవదు.

సిద్ధయ్య కన్నుమూసిన ఏప్రిల్ 7నే ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళుతున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని తప్పించుకోబోయారన్నది పోలీసుల మాట. బేడీలతో ఉన్న శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. జానకీపురం వేరు, ఆలేరు వేరు. ఈ తేడా పట్టించుకోకపోతే నిజంగా ప్రాణాలొడ్డిన పోలీసుకే అన్యాయం.

తెలంగాణ ఏర్పడ్డాక కొత్త కార్లు వచ్చాయి. 2016 అక్టోబరులో కరీంనగర్, రామగుండం కమిషనరేట్లు అయ్యాయి. మందుపాతర భయం చాలామటుకు పోయింది. రాజీవ్ రహదారి, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ పోయే 44వ జాతీయ రహదారి వెడల్పయ్యాయి. దారి పొడవునా లారీల వెనక లారీలు. గంజాయి తరలించే కారు, టేకు దుంగల వ్యాను, దొంగతనం చేసిన బైకు ఇవన్నీ ఈ దారుల్లోనే తిరుగుతాయి. పోలీసు చేతికి మళ్లీ వేగం వచ్చింది, దాంతోపాటే పాత ప్రలోభం కూడా.

వేగం ఎటు దారి తీస్తుందో ఒక తెలుగు కుటుంబానికి అమెరికాలో అనుభవమైంది. 2023 జనవరి 23న సియాటిల్‌లో కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన ఒక విద్యార్థిని, రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని చనిపోయింది. ఆ అధికారి అత్యవసర కాల్‌కు వెళుతున్నాడు. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న వీధిలో దాదాపు 119 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. 2025లో అతని ఉద్యోగం ఊడింది. అక్కడ అతను ఎవరినీ తరమడం లేదు. అయినా పోయిన ప్రాణం పోయిందే. అదే వాషింగ్టన్ రాష్ట్రం 2021లో పోలీసు కార్ల వెంటాటను బాగా కుదించింది. నేరాలు పెరిగాయన్న గగ్గోలుతో 2023లో కొంత సడలించింది, 2024లో అనుమానం సహేతుకమైతే చాలు వెంటాడవచ్చని మళ్లీ తలుపులు తెరిచింది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1985లో, ఆయుధం లేక పారిపోయేవాణ్ని కాల్చడం తప్పంది. 2007లో, వేగంగా పారిపోతున్న కారును గుద్ది ఆపిన పోలీసును సమర్థించింది. ఆ రెండో కేసులో కారు నడిపిన యువకుడు జీవితాంతం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అతని మొదటి తప్పు అతివేగం.

మన దారుల్లో నడిచేది కార్లొక్కటే కాదు. పొద్దుగూకే వేళ మేతనుంచి తిరిగొచ్చే బర్రెలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, లైటు లేని ట్రాక్టరు, బడి నుంచి సైకిల్ మీద వచ్చే పిల్లలు. హెల్మెట్ లేక, తాగి ఉండి, తనిఖీ చూసి బండి తిప్పుకున్న కుర్రాడి వెంట పోలీసు పడితే వాడు చూసేది వెనక్కే. ముందున్న ట్రాక్టరును చూడడు. వాడు చేసిన తప్పుకు చలానా ఉంది, కోర్టు ఉంది. చావు శిక్ష లేదు. పట్టుకోవడానికి మార్గాలూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా పిప్పల్‌వాడ నుంచి రోల్‌మామడ, గాంజాల్ దాకా హైవే మీద ఒకదాని తర్వాత ఒకటి టోల్‌గేట్లు. 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. కెమెరాలో బండి నంబరు, టవర్ దగ్గర ఫోను, సెట్‌లో ఒక్క మాట చెబితే ముందు ఠాణా వాళ్లు వేసే నాకాబందీ. పటేల్ చెవి చేసిన పనిని ఇవి అంతకంటే నమ్మకంగా చేస్తాయి, పటేల్ కక్షలు లేకుండా.

కాబట్టి గీత ఒకటి గట్టిగా గీయాలి. ఎత్తుకుపోయిన పసిపిల్ల కారులో ఉందా, చంపి ఇంకా చంపడానికి పోతున్నాడా, అప్పుడు వెంటాడాలి, సూర్యాపేట, జానకీపురాల్లో పోలీసులు చూపిన తెగువతో. దొంగ సొత్తు, దుంగలు, గంజాయి, కాగితాలు లేని బండి వీటి కోసం జనం తిరిగే రోడ్డు మీద బండికి బండి పోటీ పెట్టకూడదు. నంబరు రాసుకుని ముందువాళ్లకు చెప్పి ఆగిపోవాలి. ఆగిన కానిస్టేబుల్‌ను చేతగానివాడని పైఅధికారి తిట్టకూడదు.

కరీంనగర్, రామగుండం పోలీస్ కమిషనర్లకూ, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఎస్పీలకూ విన్నపం ఇది. ఎప్పుడు వెంటాడాలో, ఎప్పుడు ఆగాలో ఒక పేజీలో తెలుగులో, ఉర్దూలో రాసి ప్రతి ఠాణా గోడకు అందరికీ కనిపించేలా అంటించండి. జరిగిన ప్రతి వెంటాటనూ, మధ్యలో మానుకున్నదాన్ని కూడా, స్టేషన్ డైరీలో రాయించండి. ఏడాదికోసారి ఆ లెక్క పత్రికల ముందు పెట్టండి.